పదసందేహాలు: ఆపడం వేరు, ఆపుకోవడం వేరు

ఈ మధ్య అందిన ఉత్తరాలలో ఆరింటిని ఒకచోట చేర్చి ఈసారి జవాబులు రాస్తున్నాను. రాసినవారు వేరైనా అన్నీ ఒకే క్రియ చుట్టూ తిరుగుతున్నాయి: బయటికి రాబోయేదాన్ని, ముందుకు సాగేదాన్ని, చేతికి అందవలసినదాన్ని రానీయకుండా, సాగనీయకుండా, అందనీయకుండా చేయడం. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దది. తక్కినవాటిలో కొన్నింటికి నాలుగు మాటలు చాలు.

ప్రశ్న: నేను కథలను తెలుగులోకి అనువదిస్తుంటాను. ఒక కథలో కొడుకును దూరదేశానికి సాగనంపుతున్న తల్లి కంటనీరు పెట్టకుండా నిలబడే ఘట్టం ఉన్నది. నేను "ఆమె కన్నీళ్లను నిరోధించింది" అని రాస్తే సంపాదకులు కొట్టివేసి "కన్నీళ్లు ఆపుకున్నది" అని దిద్దారు. నిఘంటువులో "ఆపు" అన్న మాటకు నిలుపు, అడ్డగించు, నిరోధించు, నివారించు, అణచు అని వరుసగా అర్థాలు ఉన్నాయి. అర్థం ఒకటే అయినప్పుడు ఒక మాట చెల్లి మరొకటి ఎందుకు చెల్లలేదో వివరంగా చెప్పగలరు.

జవాబు: మీ సంపాదకులు దిద్దినది సరైనదే. అయితే మీ ప్రశ్న ఆ దిద్దుబాటు కంటె పెద్దది. నిఘంటువు ఒక మాటకు పక్కన నాలుగు మాటలు పేర్చేది, ఆ మాట తెలియనివారికి తెలిసిన మాటల మీదుగా దారి చూపడానికే గాని, ఆ నాలుగింటిలో దేనినైనా తీసి దేని చోటనైనా పెట్టుకోవచ్చునని చెప్పడానికి కాదు. పర్యాయపదాలు ఒకే ఇంటి అన్నదమ్ముల వంటివి. పోలిక ఉంటుంది, కాని ఒకరిని పిలిస్తే మరొకరు పలుకరు.

ముందు "ఆపు" పుట్టుక చూద్దాము. "ఆగు" అన్నది తనంత తాను జరిగే పని. "ఆపు" అన్నది మరొకదానిని ఆగేటట్లు చేసే పని. ఊగు, ఊపు, రేగు, రేపు, జరుగు, జరుపు అన్న జంటలలో ఉన్న సంబంధమే ఇక్కడా ఉన్నది. పాత నిఘంటువులు ఈ రెండింటినీ అరసున్నతో ఆఁగు, ఆఁపు అని రాస్తాయి. అడ్డు, నిర్బంధం అన్న అర్థంలో కావ్యాలలో కనిపించే "ఆఁక" కూడా ఈ కుటుంబానిదే. "అంతూ ఆపూ లేదు" అని మనం అనేటప్పుడు ఆ "ఆపు" క్రియ కాదు, నామవాచకం. ఈ మాట ఎక్కడ వచ్చినా దాని వెనుక ఒక కదలిక ఉండి తీరుతుంది. కదలనిదాన్ని ఎవరూ ఆపరు. బండిని ఆపుతాము, మాటను ఆపుతాము, పనిని ఆపుతాము. గోడను ఆపము, గోడ పడబోతుంటే మాత్రం దాని పడిపోవడాన్ని ఆపుతాము.

అయితే ఆ కదిలేది ఎవరిది అన్న సంగతి "ఆపు" చెప్పదు. దానికి "కొను" చేరగానే చెబుతుంది. "ఏడుపు ఆపింది" అంటే ఒడిలోని పసిబిడ్డ ఏడుపును తల్లి ఆపి ఉండవచ్చు, తానే ఏడుస్తూ ఉండి మానివేసి ఉండవచ్చు. "ఏడుపు ఆపుకున్నది" అంటే ఇక సందేహం లేదు: ఏడుపు ఆమెదే, ఆపినదీ ఆమే. అంతకుమించి ఇంకొకటి కూడా ఉన్నది. "ఏడుపు ఆపింది" అన్నప్పుడు ఏడుపు అప్పటికే మొదలయింది. "ఏడుపు ఆపుకున్నది" అన్నప్పుడు ఏడుపు గొంతు దాకా వచ్చింది గాని చాలాసార్లు బయటపడనే లేదు. ఒక్క "కొను"తో ఆ తల్లి లోపల జరిగిన పోరాటమంతా వాక్యంలోకి వచ్చింది. మీ కథలో కావలసినది సరిగ్గా అదే.

ఇక "నిరోధించు" ఎందుకు నప్పలేదంటే, అది సంస్కృతంలోని రుధ్ ధాతువు నుండి వచ్చిన మాట. ఆ ధాతువుకు దారి మూయడం, చుట్టుముట్టి కట్టడి చేయడం అన్న అర్థాలున్నాయి. అవరోధం, ప్రతిరోధం, విరోధం అన్నీ దానికి పుట్టినవే. నిరోధించేవాడు ఎదురుగా నిలబడి ఉంటాడు. నిరోధింపబడేది అతనికి పరాయిది. వరదను నిరోధిస్తారు, చొరబాటును నిరోధిస్తారు, తుప్పును నిరోధించే పూత పూస్తారు. తల్లికి తన కన్నీళ్లు పరాయివి కావు. "కన్నీళ్లను నిరోధించింది" అంటే అవి ఆమె మీదికి దండెత్తి వచ్చినట్లు ఉంటుంది.

పనిలో పనిగా ఇంకొక సంగతి చెప్పక తప్పదు. "రోదించు" అంటే ఏడ్చు. అక్కడ దకారానికి వత్తు లేదు. "నిరోధించు"లో ధకారానికి వత్తు ఉన్నది. "ఆమె రోధించింది" అని అచ్చులో కనిపించినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ ఒక్క వత్తుతో ఏడ్చే మనిషి దారి మూసే మనిషిగా మారిపోతున్నది.

మీ అనువాదానికి ఉపయోగపడేది మరొకటి చెబుతాను. లోపలిది బయటికి రానీయకపోవడానికి తెలుగులో చాలా మాటలున్నాయి. ఏది వాడాలో తేల్చుకోవడానికి నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఆపిన తరువాత ఆ ఆపబడినది ఏమయింది?

"బిగబట్టు" అన్నప్పుడు అది ఎక్కడికీ పోలేదు, పిడికిలిలో ఉన్నట్లు పట్టులో ఉన్నది, కాసేపటికి వదలవలసిందే. అందుకే ఆ మాట ఊపిరికి అంతగా అమరింది. ప్రాణాయామంలో గాలిని లోపలికి తీసుకోవడం పూరకం, వదలడం రేచకం, మధ్యలో నిలపడం కుంభకం. కుండలో నీరు నింపి ఉంచినట్లు ఉంచడమని ఆ పేరు చెబుతుంది. బిగబట్టిన నవ్వు, బిగబట్టిన ఏడుపు కూడా అటువంటివే. వాటికి గడువు ఉన్నది, ఆ గడువు తీరేది చదువరికి ముందే తెలుసు. "ఉగ్గబట్టు" దీనికి తోబుట్టువు. కాకపోతే "ఊపిరి ఉగ్గబట్టుకొని చూశారు" అన్నప్పుడు ఊపిరి కంటె ఉత్కంఠకే పాలు ఎక్కువ.

"అణచుకొను" అన్నప్పుడు అది కిందికి పోయింది. పైనుండి బరువు పెట్టి అదిమినట్లు ఉంటుంది, బరువు తీస్తే మళ్లీ లేస్తుంది. కోపం, ఆవేశం, కోరిక ఈ క్రియకు తగినవి. కన్నీటికి ఇది కుదరదు, నీరు అణగదు.

"దిగమింగు" అన్నప్పుడు అది లోపలికి పోయింది. నోటి దాకా వచ్చినదాన్ని తిరిగి కడుపులోకి పంపడం ఇందులోని బొమ్మ. దుఃఖాన్ని, అవమానాన్ని, కోపాన్ని దిగమింగుతారు. నవ్వును దిగమింగారని ఎవరూ అనరు, ఎందుకంటే దిగమింగేదానిలో చేదు ఉండాలి. మీ కథలోని తల్లి ఆ క్షణంలో కన్నీళ్లు ఆపుకున్నది. కొడుకు వెళ్లిపోయిన తరువాత ఏళ్ల తరబడి ఎవరితోనూ చెప్పుకోకుండా గడిపి ఉంటే, అప్పుడు దుఃఖాన్ని దిగమింగింది అని రాయండి. మొదటిది క్షణానికి, రెండవది కాలానికి.

"చంపుకొను" అన్నప్పుడు అది ఇక లేదు. ఆశ చంపుకోవడం, మనసు చంపుకోవడం, ఆకలి చంపుకోవడం. ఇవి తిరిగి రానివి, లేదా తిరిగి వచ్చినా మునుపటి వలె ఉండనివి. ఈ మాటను తేలికగా వాడకూడదు.

ఇవి కాక "తమాయించుకొను", "నిభాయించుకొను", "సంభాళించుకొను" ఉన్నాయి. వీటిలో చివరి రెండూ హిందీ నుండి వచ్చినవి. ఇవి కన్నీటికో కోపానికో చెందవు, మొత్తం మనిషికి చెందుతాయి. "ఆమె తమాయించుకున్నది" అంటే చాలు, దేనిని అన్నది చెప్పనక్కరలేదు. కదిలిపోబోయిన మనిషి మళ్లీ తన కాళ్ల మీద తాను నిలబడినట్లు అర్థమవుతుంది. "ఓర్చుకొను", "సహించు", "తాళు" అన్నవాటిని కొందరు ఇదే వరుసలో చేర్చుతారు గాని, నా దృష్టిలో అవి వేరు. ఆపుకోవడంలో లోపలిది బయటికి రాబోతుంది. ఓర్చుకోవడంలో బయటిది లోపలికి వస్తుంది. నొప్పిని ఓర్చుకొని మూలుగును ఆపుకున్నాడు అన్న వాక్యంలో రెండు క్రియలనూ తారుమారు చేసి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

చివరగా "నిలుపు". దీనితో జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే దీనికి దాదాపు ఎదురెదురుగా నిలబడే రెండు అర్థాలున్నాయి. బండిని నిలపడం అంటే ఆపడం. ప్రాణం నిలపడం అంటే పోకుండా కాపాడటం. ఒకసారి నా దగ్గరకు దిద్దడానికి వచ్చిన ఒక అనువాదంలో, నీటిలో మునిగి ఊపిరి బిగబట్టిన మనిషిని గురించి "అతడు ఊపిరి నిలుపుకున్నాడు" అని ఉన్నది. అది చదివిన తెలుగువాడికి అతడు చావు తప్పించుకున్నాడని అర్థమవుతుంది, గాలి పీల్చడం మానాడని కాదు. "మాట ఆపాడు" అంటే మాట్లాడటం మానాడు. "మాట నిలుపుకున్నాడు" అంటే ఇచ్చిన మాట ప్రకారం నడిచాడు. ఆపినది పోతుంది, నిలిపినది ఉంటుంది అని స్థూలంగా గుర్తు పెట్టుకోవచ్చు, బండి వంటి కొన్ని చోట్ల తప్ప.

ప్రశ్న: "కొను" చేరితే పని తన మీదికే తిరుగుతుందని మీరు ఇంతకు ముందు సంచికలోనూ రాశారు. మరి "అడ్డుకొను" సంగతి ఏమిటి? "గ్రామస్థులు లారీని అడ్డుకున్నారు" అన్నప్పుడు తమను తాము అడ్డుకోలేదు గదా!

జవాబు: మంచి ప్రశ్న. "కొను" అన్ని చోట్లా "తనను" అన్న అర్థం ఇవ్వదు. "తన కోసం", "తన వైపుకు", "తన పూనికతో" అన్న అర్థాలూ ఇస్తుంది. అన్నం వండుకున్నాడు అంటే తనను తాను వండుకోలేదు, తన కోసం వండాడు. "అడ్డుకొను"లో అడ్డుగా నిలబడటానికి పూనుకోవడమనే భావం ఉన్నది. అక్కడ "అడ్డు" క్రియ కాదు, నామవాచకం. దానికి "కొను" చేరి క్రియ అయింది. "ఆపు" స్వయంగా క్రియ కాబట్టి, దానికి చేరిన "కొను" ఆ పనిని చేసేవాడి వైపు తిప్పుతుంది. అందుచేత "పోలీసులు ఊరేగింపును ఆపుకున్నారు" అన్నది తప్పు, "అడ్డుకున్నారు" అన్నది ఒప్పు. "అడ్డగించు" కూడా ఇదే పని చేస్తుంది గాని అందులో దారిలో ఎదురుపడి నిలదీయడమన్న ఛాయ ఎక్కువ. "అడ్డుపడు" అన్నదానిలో ఆ పని మాటతోనో సలహాతోనో కూడా జరగవచ్చు.

ప్రశ్న: నిగ్రహం, నిరోధం, నివారణ, నియంత్రణ, సంయమనం. ఈ ఐదింటినీ పత్రికలలో ఒకదానికి బదులు ఒకటి వాడుతున్నారు. వీటికి నిజంగా తేడా ఉన్నదా? నేను ఉపాధ్యాయుణ్ణి, పిల్లలకు చెప్పడానికి అడుగుతున్నాను.

జవాబు: ఉన్నది. అది పిల్లలకు చెప్పదగినంత స్పష్టంగానే ఉన్నది.

"నిగ్రహం"లో ఉన్నది గ్రహ్, అంటే పట్టుకోవడం. పట్టుకొని కిందికి ఉంచడం నిగ్రహం. దయతో దగ్గరకు తీసుకోవడం అనుగ్రహం. నిగ్రహానుగ్రహాలు అని జంటగా చెప్పే అలవాటు అందువల్లనే వచ్చింది: శిక్షించే శక్తి, కరుణించే శక్తి రెండూ ఒకే చేతిలో ఉన్నాయని దాని భావం. ఈ ధాతువు నుండే "ప్రగ్రహం" వచ్చింది, అది తెలుగులో "పగ్గం" అయింది. కఠోపనిషత్తులో శరీరాన్ని రథంతో, బుద్ధిని సారథితో పోల్చిన చోట "మనః ప్రగ్రహమేవ చ" అని మనస్సును పగ్గంతో పోల్చారు. కాబట్టి మనోనిగ్రహం అన్నప్పుడు మనం పలికే సంస్కృత పదానికీ, కోపానికి పగ్గం వేయమని ఇంట్లో పెద్దలు అనే మాటకూ ఒకే వేరు. ఈ సంగతి చెబితే పిల్లలు మరచిపోరు, నేను చెప్పి చూశాను.

నిగ్రహం గట్టి పట్టు అయితే, సంయమనం తేలికపాటి పట్టు. దానిలోని యమ్ ధాతువు నియమం, సంయమం, నియతి వంటి మాటలలో కూడా ఉన్నది. సంయమనం పాటించండి అన్నప్పుడు, కోపం రాకూడదని కాదు, వచ్చిన కోపం హద్దులో ఉండాలని అర్థం. నియంత్రణలో ఆపడం కంటె నడిపించడం ఎక్కువ. వాహనాల రాకపోకలను నియంత్రిస్తారంటే కొన్నింటిని ఆపుతారు, కొన్నింటిని వదులుతారు. అన్నింటినీ ఆపితే అది నియంత్రణ కాదు, నిలుపుదల. తెలుగులో దీనికి దగ్గరగా ఉన్న మాట "అదుపు". అదుపులో ఉన్న మంట ఆరిపోయిన మంట కాదు.

నిరోధం గురించి పై ఉత్తరంలో చెప్పాను. అయితే ఆ మాట ఎప్పుడూ బయటివాటికే అనుకోవద్దు. యోగసూత్రాలలో రెండవ సూత్రం "యోగశ్చిత్తవృత్తినిరోధః" అన్నది. చిత్తంలో పుట్టే వృత్తులను, అంటే మనసు కదలికలను, నిరోధించడమే యోగమని దాని అర్థం. అక్కడ నిరోధం లోపలి వృత్తులకే. కాని గమనించండి, సాధకుడు ఆ వృత్తులను తనవిగా భావించకుండా, వాటికి ఎడంగా నిలబడి చూస్తాడు. తనవి కానివిగా చూస్తున్నందువల్లనే అక్కడ "నిరోధం" అంత చక్కగా కుదిరింది.

నివారణ దగ్గర మాత్రం చిక్కు ఉన్నది. వారించడం అంటే వద్దని ఆపడం. మాటతో, చేతి సైగతో, చూపుతో. "తండ్రి వారించినా వినలేదు" అంటాము. నివారణ అన్న నామవాచకం వద్దకు వచ్చేసరికి, రాకముందే ఆపడమూ వచ్చినదాన్ని పోగొట్టడమూ రెండూ అందులో కలిసిపోయాయి. నొప్పి నివారణ మాత్ర నొప్పి వచ్చిన తరువాత వేసుకునేది. ప్రమాదాల నివారణ ప్రమాదం జరగకముందు చేసేది. అందుచేత వైద్య విషయాలు రాసేవారు "వ్యాధి నివారణ" అని ఊరుకోకుండా, రాకుండా చూడటమా, తగ్గించడమా అన్నది పక్క మాటలతో స్పష్టం చేయాలని నా మనవి. "వ్యాధినిరోధక శక్తి" అన్నప్పుడు ఈ చిక్కు లేదు, అక్కడ శరీరం కోటవలె వ్యాధికి ఎదురు నిలబడుతున్నది.

ఈ సందర్భంలోనే మరొక మాట చెప్పాలి, అది "ధారణ". అవధానంలో ధారణ అంటే తాను చెప్పిన పద్యాలను మనసులో నిలుపుకొని చివర తిరిగి అప్పగించడం. ఆయుర్వేదంలో "వేగధారణ" అంటే శరీరంలో పుట్టిన సహజ ప్రేరణను బయటికి పోనీయకుండా ఆపుకోవడం. చరకసంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయానికి పేరే "నవేగాన్ధారణీయం". అందులో ఆపుకోకూడని వేగాలు 13 చెప్పారు: మూత్రం, తుమ్ము, ఆవలింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర మొదలైనవి అందులోనివి. ఆ వెంటనే ఆపుకొని తీరవలసినవి కూడా చెప్పారు: లోభం, శోకం, భయం, క్రోధం వంటి మనసు వేగాలు, పరుషమైన మాట వంటి నోటి వేగాలు, పరులను పీడించే చేతల వేగాలు. కన్నీరు మొదటి జాబితాలోనూ శోకం రెండవ జాబితాలోనూ ఉండటం చూడండి. వాటిని ఒకటిగా చూడలేదు. కన్నీరు శరీరానిది, దాన్ని రానీయమన్నారు. శోకం మనసుది, దాన్ని పెరగనీయవద్దన్నారు. మాటల సంగతి అటుంచినా ఇది ఆలోచించదగిన విభజన అని నాకు అనిపిస్తుంది.

ప్రశ్న: "బిగబట్టు" సరైనదా, "బిగపట్టు" సరైనదా?

జవాబు: రెండూ వాడుకలో ఉన్నాయి. వ్యాకరణం ప్రకారం మొదటిది. పాత రాతలో ఇది "బిగఁబట్టు". ఇందులోని మొదటి ముక్క "బిగన్" అనే ద్రుతాంతం, అంటే ద్రుతమనే నకారంతో ముగిసే మాట. ద్రుతప్రకృతికం (అటువంటి నకారంతో ముగిసే మాట) మీది పరుషాలకు (క, చ, ట, త, ప) సరళాలు (గ, జ, డ, ద, బ) వస్తాయని బాలవ్యాకరణం చెప్పిన సూత్రాన్ని బట్టి "పట్టు"లోని పకారం బకారమయింది. నకారం అరసున్నగా మిగిలి, ఇప్పుడు ఆ అరసున్న కూడా రాతలో పోయింది. కారణం కనుమరుగయింది గనుక కొందరికి "బిగపట్టు" సహజంగా తోస్తున్నది. దాన్ని తప్పుగా ఎంచి దిద్దవలసిన పని లేదు. "తొక్కిపట్టు", "అదిమిపట్టు" అన్నవాటిలో మొదటి ముక్క క్త్వార్థకం, అంటే ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ, దానికి ద్రుతం లేదు. అందువల్ల అక్కడ పకారం అలాగే ఉంటుంది.

ప్రశ్న: ఒక కార్యాలయంలో ఉత్తర ప్రత్యుత్తరాలు చూసే పని నాది. "జీతం నిలిపివేయడమైనది", "జీతంలో కోత విధించడమైనది", "బకాయి ఉంచడమైనది" అన్న మూడింటినీ మా దగ్గర కలగాపులగంగా రాస్తున్నారు. అదేవిధంగా సమాచారం ఇవ్వకపోవడాన్ని దాచడం అనాలా, ఆపడం అనాలా?

జవాబు: ఇటువంటి చోట మాట తప్పితే మనుషులకు నష్టం జరుగుతుంది కాబట్టి మీరు అడిగినందుకు సంతోషిస్తున్నాను. నిలిపివేసిన జీతం అతనిదే, ఒక నిర్ణయం వెలువడే వరకు చేతికి రాదు. నిర్ణయం అనుకూలమైతే మొత్తం వస్తుంది. కోత విధించిన జీతం పోయింది. బకాయి ఉంచిన జీతం విషయంలో ఇవ్వవలసినవారు ఇవ్వలేదన్న ఒప్పుకోలు ఉన్నది, తీసుకోవలసినవారి తప్పు ఏమీ లేదు. "నిలిపివేత"లో ఎవరిదో ఒక నిర్ణయం ఉంటుంది, "బకాయి"లో ఒక బాధ్యత ఉంటుంది. డబ్బు లేక ఇవ్వనిదాన్ని "నిలిపివేయడమైనది" అని రాస్తే, ఉద్యోగి ఏదో తప్పు చేశాడన్న నీడ అతని మీద పడుతుంది. ఆ నీడ పడనీయకుండా చూడటం రాసేవారి చేతిలో ఉన్నది. మరొక గమనిక: "నిలిపివేయడమైనది" అన్న వాక్యంలో కర్త లేడు. వీలున్నంత వరకు ఎవరు నిలిపివేశారో రాయండి.

సమాచారం విషయానికి వస్తే, దాచడంలో ఆ సమాచారం ఉన్నదన్న సంగతే ఎదుటివారికి తెలియనీయకపోవడం ఉన్నది. ఇవ్వకుండా ఆపడంలో అది ఉన్నదని ఇద్దరికీ తెలుసు, అయినా చేతికి రాదు. "తొక్కిపట్టు" ఈ రెండింటి కంటె తీవ్రమైనది. కాగితం కదలవలసిన దారిలో కదలకుండా, ఉద్దేశపూర్వకంగా, కాలి కింద పెట్టుకొని కూర్చున్నారన్న నింద అందులో ఉన్నది. కాబట్టి అధికారిక లేఖలో ఆ మాట రాయకండి, ఫిర్యాదులో రాయవచ్చు. గుట్టును బయటపెట్టకపోవడానికి "పొక్కనీయకపోవడం" అన్న చక్కని మాట ఉన్నది. "పెదవి దాటితే పృథివి దాటుతుంది" అన్న సామెతకు వెనుక ఉన్న భయం అదే. "కప్పిపుచ్చు" మాత్రం తప్పును దాచడానికే.

ప్రశ్న: మా అమ్మమ్మ "నోరు కట్టుకొని బతికాను" అనేవారు. దానికి మౌనంగా ఉన్నానని అర్థమా? "అణకువ" అన్న మాటకు, "అణచివేత"కు సంబంధం ఉన్నదా? వీటికి వ్యతిరేక పదాలు కూడా తెలుపగలరు.

జవాబు: అమ్మమ్మగారు మౌనంగా ఉన్నానని చెప్పలేదు. నోరు కట్టుకోవడం అంటే తినాలనిపించినవి తినకుండా ఉండటం. పథ్యం కోసం కావచ్చు, పిల్లలకు పెట్టడం కోసం కావచ్చు, నాలుగు రాళ్లు వెనకేయడం కోసం కావచ్చు. "కడుపు కట్టుకొని" అన్నా దాదాపు అదే. మాట్లాడనీయకపోవడానికి "నోరు కట్టివేయడం", "నోరు నొక్కడం" అంటాము, అవి ఇతరులు చేసేవి. తానే మాట్లాడకపోతే "నోరు మెదపలేదు" అంటాము. ఒకే నోరు, తిండి వైపు నుండి ఒక జాతీయం, మాట వైపు నుండి ఒక జాతీయం. "కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేము" అన్నది రెండవ వైపుది. మీ అమ్మమ్మగారి మాటలో ఎన్ని సంవత్సరాల తినకపోవడం ఉన్నదో మీకు తెలిసే ఉంటుంది.

రెండవ ప్రశ్న నాకు ఎంతో ఇష్టమైనది. అణకువ, అణచివేత ఒకే కుదురు నుండి వచ్చాయి. అణగు, అణచు, వీటికే అడగు, అడచు అన్న పాత రూపాలూ ఉన్నాయి. తమిళంలో అడంగు, అడక్కు అన్నవి వీటి తోబుట్టువులు. తిరుక్కురళ్‌లో ఒక అధ్యాయానికి "అడక్కముడైమై" అని పేరు. తనను తాను అదుపులో ఉంచుకోగలగడం అనే గుణం గురించి అందులో పది కురళ్లు ఉన్నాయి. తెలుగులో ఒకే ధాతువు రెండు దారులు పట్టింది. తనంత తాను అణగి ఉంటే అణకువ, అది గుణం. ఒకరు మరొకరిని అణచితే అణచివేత, అది దౌర్జన్యం. ఈ రెండింటినీ కావాలని కలిపివేసే మాటతీరు ఒకటి ఉన్నది: అణచబడినవారిని చూసి అణకువ గలవారని మెచ్చుకోవడం. ఇష్టంతో తగ్గి ఉండటానికీ, తగ్గించబడటానికీ మధ్య ఉన్న గీతను మన భాష ఇంత స్పష్టంగా గీసి ఇచ్చింది గనుక, కథ రాసినా వార్త రాసినా దాన్ని చెరపవద్దని కోరుతున్నాను.

వ్యతిరేక పదాలు అడిగారు. అవి కూడా ఆపిన తీరును బట్టే ఉంటాయి. బిగబట్టినదాన్ని వదులుతారు. దిగమింగినదాన్ని కక్కుతారు, వెళ్లగక్కుతారు. "అక్కసు వెళ్లగక్కాడు" అన్నప్పుడు ముందెప్పుడో మింగిన సంగతి మనకు చెప్పకుండానే తెలుస్తుంది. అణచినది ఎగసిపడుతుంది. దాచినది బయటపడుతుంది, పొక్కుతుంది. కళ్లెం వేసినదానికి కళ్లెం వదులుతారు. ఆపుకున్న కన్నీటికి మాత్రం మనవాళ్లు చెరువు బొమ్మను తెచ్చారు: దుఃఖం కట్టలు తెంచుకున్నది అంటారు. అందులోని "కొను"ను గమనించండి. కట్టను తెంచినది మనిషి కాదు, దుఃఖమే.